ఆన్‌లైన్ పర్యావరణ ఉద్యమాల మీద రీసెర్చ్ ఎలా చేయాలి: బెజవాడ, గుంటూరు స్టూడెంట్స్ కోసం

జర్నలిజం, సోషియాలజీ, సోషల్ వర్క్ చదివే పిల్లలు ఈమధ్య చాలామంది "సోషల్ మీడియాలో పర్యావరణ ఉద్యమాలు" అని టాపిక్ తీసుకుంటున్నారు, మంచిదే, కానీ సినాప్సిస్ తెరిస్తే మొదటి పేజీలో 2018లో గ్రెటా థన్‌బర్గ్ స్వీడన్ పార్లమెంటు ముందు బోర్డు పట్టుకుని కూర్చోవడం, రెండో పేజీలో హ్యాష్‌ట్యాగుల లిస్టు, మూడో పేజీలో "ట్విట్టర్ నుంచి డేటా సేకరిస్తాం" అని ఒక లైను. నాగార్జున యూనివర్సిటీ హాస్టల్లో కూర్చుని రాసిన కాగితంలో కృష్ణ లేదు, బెజవాడని ముంచిన బుడమేరు వాగు లేదు, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిద లేదు. ఇలా మొదలెడితే ఎవరో ఢిల్లీలోనో లండన్‌లోనో ఆల్రెడీ రాసేసిందే మళ్లీ రాస్తారు. అందుకే మొదటి నుంచి వైవా దాకా ఎలా వెళ్లాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నా. ఎంఏ డిజర్టేషన్‌కైనా పీహెచ్‌డీకైనా దారి ఒకటే, లోతులోనే తేడా.

స్టెప్ 1: హ్యాష్‌ట్యాగ్ వదిలేసి ఒక ఘటన పట్టుకోండి

మన దగ్గర ఎవరూ ఫేస్‌బుక్‌లో "క్లైమేట్ జస్టిస్ కావాలి" అని పోస్ట్ పెట్టరు. మురుగు కాలవ పొంగిందని పెడతారు, ఇసుక లారీలు రాత్రంతా తిరుగుతున్నాయని పెడతారు, డాబా మీద ఆరేసిన బట్టల మీద థర్మల్ బూడిద పడిందని ఫోటో పెడతారు. హ్యాష్‌ట్యాగ్‌తో వెతికితే ఇవేవీ దొరకవు, దొరకలేదు కాబట్టి "తెలుగువాళ్లలో పర్యావరణ చైతన్యం తక్కువ" అని కన్‌క్లూజన్ రాసేస్తారు, అది తప్పు. చోటు, ఘటన, తేదీలు ముందు ఫిక్స్ చేసుకోండి, ఆ తర్వాత ఆ చోటి జనం ఆ రోజుల్లో ఫోన్లలో ఏం చేశారో చూడండి.

విజయవాడ నుంచి చేసేవాళ్లకి 2024 సెప్టెంబర్ వరద కంటే పెద్ద ఉదాహరణ ఇంకోటి లేదు. ఆగస్టు 31 నుంచి కుండపోత, బుడమేరు డైవర్షన్ ఛానల్‌కి గండ్లు, సెప్టెంబర్ 1 తెల్లారేసరికి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి, ఇంకోపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం, పడవలు కొట్టుకొచ్చి గేట్లకి తగులుకున్నాయి. కరెంటు లేదు, ఛార్జింగ్ లేదు, అయినా లొకేషన్ షేర్ చేసుకుంటూ, వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటూ, నడుం లోతు నీళ్లలో నిలబడి లైవ్‌లు పెడుతూ రోజుల తరబడి నడిచింది. రీసెర్చ్ చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పోల్చి చూడ్డానికి ఇంకో కేసు కావాలంటే తెలుగులోనే ఉన్నాయి. 2019లో యురేనియం తవ్వకాలకి వ్యతిరేకంగా సేవ్ నల్లమల నడిచింది, సినిమావాళ్లు కూడా ట్వీట్లు పెట్టారు, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. ఆ రెండూ హ్యాష్‌ట్యాగ్ ఉద్యమాలే, సెలబ్రిటీలు, ఇంగ్లీషు వచ్చిన స్టూడెంట్లు ఉన్నవి. బుడమేరు అలాంటిది కాదు. ఆ తేడాయే మీకు ఒక చాప్టర్ అవుతుంది.

స్టెప్ 2: ప్రశ్న ఒక్క లైనులో రాయండి, గైడ్‌కి చూపించే ముందే

"సోషల్ మీడియా పాత్ర" అనేది ప్రశ్న కాదు, దానికి జవాబు ఎప్పుడూ "కీలక పాత్ర" అనే వస్తుంది.

ఇలా రాసి చూడండి: సెప్టెంబర్ మొదటి వారంలో "పడవ పంపండి, పాలు పంపండి" అన్న గొంతులు, ఎప్పుడు, ఎవరి వల్ల "గండి ఎందుకు పడింది, కాలవలో ఇళ్లకి పర్మిషన్ ఎవరిచ్చారు" అనే దాకా వచ్చాయి? అసలు వచ్చాయా, లేక నష్టపరిహారం లిస్టులో పేరు ఉందా లేదా అనే దగ్గరే ఆగిపోయాయా? దీనికి మీరు తేదీల వారీగా జవాబు చెప్పగలరు, లెక్క చూపించగలరు, ఎవరైనా కాదంటే వాదించగలరు. సాయం అడగడం ఉద్యమమా కాదా అని గైడ్ అడుగుతారు, అడగాలి కూడా. నా అభిప్రాయం ఏంటంటే ఆ గీత ఎక్కడుందో ముందే గీసేసుకోకండి, డేటాలో ఎక్కడ కనిపిస్తుందో వెతకడమే మీ పని.

స్టెప్ 3: రివ్యూ ఆఫ్ లిటరేచర్ తక్కువలో కానివ్వండి

ముందు శోధ్‌గంగలో, అంటే మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైట్‌లో వెతకండి, మన యూనివర్సిటీల్లో ఎవరు ఏం చేశారో తెలుస్తుంది, తర్వాత గూగుల్ స్కాలర్. చదివినవి జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి, ఫ్రీ.

థియరీలో ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు. లాన్స్ బెనెట్, అలెగ్జాండ్రా సెగర్‌బర్గ్ 2012లో "కనెక్టివ్ యాక్షన్" అని ఒక ఆలోచన పెట్టారు, అంటే ఇప్పటి ఉద్యమాలు చాలావాటికి పెద్ద సంస్థ, పెద్ద నాయకుడు అక్కర్లేదు, ఎవరి బాధ వాళ్లు తమ మాటల్లో షేర్ చేసుకుంటూ పోతే ఆ షేరింగే జనాన్ని కూడగడుతుంది అని. దీన్ని తీసుకొచ్చి బుడమేరుకి అతికించేయకండి, పరీక్ష పెట్టండి. మన దగ్గర మెసేజ్ ఎవరి ద్వారా పాకింది? అపార్ట్‌మెంట్ గ్రూపా, చర్చి గ్రూపా, హీరో అభిమానుల సంఘమా, కులం గ్రూపా, టెన్త్ బ్యాచ్ గ్రూపా? అలాంటి పాత బంధాలే పని చేశాయని తేలితే "సంస్థ అక్కర్లేదు" అన్న మాట ఇక్కడ సగమే నిజమని మీరు చెప్పొచ్చు, అది మీ సొంత పాయింట్ అవుతుంది, ఎగ్జామినర్ అదే చూస్తారు.

స్టెప్ 4: డేటా ఎక్కడి నుంచి తెస్తారు

ఇక్కడే చాలామంది పాత పేపర్లు చదివి మోసపోతారు. 2021 నాటి పేపర్‌లో ట్విట్టర్ అకడమిక్ యాక్సెస్ ఫ్రీ అని ఉంటుంది, అది 2023లోనే పోయింది, ఇప్పుడు డబ్బు కట్టాల్సిందే. ఫేస్‌బుక్ పేజీలు చూసుకోడానికి క్రౌడ్‌టాంగిల్ ఉండేది, 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ కంపెనీ మెటా మూసేసింది. దాని బదులు మెటా కంటెంట్ లైబ్రరీ పెట్టారు, యూనివర్సిటీ తరఫున అప్లై చేసుకోవాలి, పీహెచ్‌డీ వాళ్లయితే గైడ్‌తో కలిసి ట్రై చేయండి, ఎంఏ వాళ్లు ఆ జోలికి పోకండి, మీ సెమిస్టర్ అయిపోతుంది.

మనకి మిగిలింది, నిజానికి మనకి బాగా పనికొచ్చేది, యూట్యూబ్. లోకల్ ఛానళ్ల వరద వీడియోల కింద కామెంట్లు చూడండి, పరిశోధకుడికి బంగారం. గూగుల్ క్లౌడ్‌లో అకౌంట్ తెరిస్తే యూట్యూబ్ నుంచి డేటా లాగడానికి కీ (ఏపీఐ కీ) ఫ్రీగా ఇస్తారు, రోజుకి 10,000 యూనిట్లు. ఒక్క సెర్చ్‌కి 100 యూనిట్లు పోతాయి, అదే ఒక వీడియో కింద కామెంట్లు ఒక పేజీ, అంటే 100 దాకా, తెచ్చుకుంటే పోయేది 1 యూనిట్ మాత్రమే. అందుకని సెర్చ్ మీ చేత్తోనే చేసుకోండి, ఒక్కో వీడియో లింకు, ఛానల్ పేరు, తేదీ గూగుల్ షీట్‌లో ఎక్కించి, కోటా అంతా కామెంట్లకి వాడండి. కామెంట్ కింద రిప్లైలు ఒకేసారి అన్నీ రావు, వాటికి విడిగా అడగాలి, గొడవంతా రిప్లైల్లోనే ఉంటుంది కాబట్టి వదలొద్దు. ప్రోగ్రామింగ్ రాదంటారా, యూట్యూబ్ డేటా టూల్స్ అని ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్ల వెబ్‌సైట్ ఉంది, వీడియో ఐడీ పేస్ట్ చేస్తే ఫైల్ వస్తుంది.

ఫేస్‌బుక్ లైవ్‌ల సంగతి వేరు. 2025 ఫిబ్రవరి నుంచి కొత్త లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయని మెటా చెప్పింది, పాతవి కూడా నోటీసు ఇచ్చి తీసేయడం మొదలుపెట్టింది. అంటే రేపు మీ ఊళ్లో ఏదైనా జరిగితే ఆ వారమే సేవ్ చేసుకోవాలి, డిజర్టేషన్ టైంకి చూద్దాంలే అంటే ఏమీ ఉండదు. స్క్రీన్‌షాట్ తీస్తే లింకు, తేదీ, టైం పడేలా తీయండి, వెబ్ పేజీ అయితే పాత పేజీలని దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో కూడా ఎక్కించండి.

స్టెప్ 5: స్పెల్లింగుల గోల

బుడమేరుని జనం ఎన్ని రకాలుగా కొడతారో ముందు చూసుకోండి. తెలుగు లిపిలో బుడమేరు, బుడమేర్, బుడిమేరు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ, వాళ్లలో ఒకడు "యు" పెడతాడు ఇంకోడు "ఓఓ" పెడతాడు. సింగ్ నగర్‌కి కొందరు అజిత్ సింగ్ నగర్ అంటారు, కొందరు ఎస్ నగర్ అని రెండు ముక్కల్లో తేలుస్తారు. ముందు ఒక వంద కామెంట్లు ఉత్తినే చదివి, కనపడ్డ స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ లిస్టుతో మళ్లీ వెతకండి. ఆ లిస్టుని థీసిస్ వెనక అనుబంధంగా పెట్టండి, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

స్టెప్ 6: కోడింగ్, అంటే కామెంట్లని చేత్తో విడగొట్టడం

సెంటిమెంట్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్‌లో వేసేస్తే అయిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. ఇలాంటి కామెంట్ ఒకటి ఊహించుకోండి: "సూపర్ సార్, ఈసారి పుష్కరాలు మా హాల్లోకే వచ్చాయి, ఘాట్ దాకా వెళ్లే పని కూడా లేదు." సాఫ్ట్‌వేర్ "సూపర్" చూసి పాజిటివ్ అంటుంది. బెజవాడలో పుట్టినవాడు ఎవడైనా అది తిట్టు అని చెప్తాడు, ఎవరిని తిట్టాడో కూడా చెప్తాడు. కాబట్టి ఎంఏ స్థాయిలో ఒక 500 కామెంట్లు తీసుకుని చేత్తోనే చేయండి, లక్ష కామెంట్లు మెషీన్‌లో వేసి తప్పు గ్రాఫ్ గీయడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఎక్సెల్ చాలు. ఒక్కో కామెంట్ ఒక వరస, పక్కన కాలమ్స్. సాయం అడిగాడా, సమాచారం ఇచ్చాడా, ఎవరినైనా తప్పుపట్టాడా, కారణం ఏం చెప్పాడు (వానా, గండా, ఆక్రమణలా, రియల్ ఎస్టేటా, దేవుడా), ఏదైనా డిమాండ్ చేశాడా, వ్యంగ్యమా. ఒకే కామెంట్‌లో రెండు మూడు ఉండొచ్చు, ఉంటే అన్నీ టిక్ పెట్టండి. పైన చెప్పిన పుష్కరాల కామెంట్‌నే తీసుకోండి: వ్యంగ్యం దగ్గర టిక్, తప్పుపట్టడం దగ్గర టిక్, కారణం ఖాళీ, డిమాండ్ ఖాళీ. ఇలాంటివి వరసగా చూస్తూ పోతే కోపం బోలెడుంది గానీ డిమాండ్ కాలమ్ ఖాళీగా ఉందనో, లేక ఫలానా తేదీ నుంచి నిండడం మొదలైందనో కళ్లకి కనిపిస్తుంది. స్టెప్ 2లో రాసుకున్న ప్రశ్నకి జవాబు ఆ కాలమ్‌లోనే ఉంది.

పార్టీ గొడవ అనేది ఇంకో పెద్ద తలనొప్పి. ఆంధ్రాలో నీళ్ల గురించి పెట్టిన పోస్టు కింద పదో కామెంట్‌కల్లా టీడీపీ, వైసీపీ మొదలవుతుంది, ఎవరి ఎకౌంట్ నిజమైనదో ఎవరిది పార్టీ సోషల్ మీడియా టీముదో చెప్పడం కష్టం. చాలామంది వీటిని "చెత్త" అని తీసేస్తారు, తీయకండి. దానికో కాలమ్ పెట్టండి. పర్యావరణం మాట ఎన్నో కామెంట్ దగ్గర పార్టీ మాటగా మారిపోతుందో చూపించడం కూడా ఫలితమే, నన్నడిగితే మన రాష్ట్రంలో ఈ సబ్జెక్టుకి అదే అసలు ఫలితం. కాకపోతే ఎవడో ఒకడిని "పెయిడ్" అని ముద్ర వేయకండి, మీ దగ్గర రుజువు ఉండదు. ఒకే వాక్యం ఎన్ని అకౌంట్ల నుంచి మక్కీకి మక్కీగా వచ్చిందో లెక్క చెప్పి ఆగండి.

మీరు పెట్టిన టిక్కులు మీ ఇష్టారాజ్యం కాదని చూపించాలి కదా, ఫ్రెండ్ ఒకరిని కూర్చోబెట్టి ఒక 100 కామెంట్లు విడిగా కోడింగ్ చేయించండి, ఇద్దరిదీ ఎంత కలిసిందో కోహెన్స్ కప్పా అని ఒక లెక్క ఉంది, 0.61 దాటితే పర్లేదు అని మామూలుగా ఒప్పుకుంటారు. తక్కువొస్తే ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని రూల్స్ సరిచేసుకుని మళ్లీ చేయండి. ఎక్కువసార్లు వ్యంగ్యం దగ్గరే తేడా వస్తుంది.

స్టెప్ 7: ఫోన్ పట్టుకున్న మనుషుల దగ్గరికి వెళ్లండి

కామెంట్లతో ఆపితే సగం కథే. అసలు వ్యవహారం వాట్సాప్‌లో నడిచింది, అది బయటికి కనపడదు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగి లోపలికి వెళ్తే మాట్లాడేవాళ్లకి కొదవ లేదు, సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, పగలు పనులకి పోతారు. "మీరు డిజిటల్ యాక్టివిజం చేశారా" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. "అక్కా, ఆ ఆదివారం పొద్దున నీళ్లొచ్చినప్పుడు ముందు ఎవరికి ఫోన్ చేశారు? మెసేజ్ ఎవరికి పెట్టారు? ఒకసారి ఫోన్‌లో చూసి చెప్తారా?" అనండి. వాళ్లే వాట్సాప్ తీసి పైకి జరుపుకుంటూ 2024 సెప్టెంబర్ దాకా వెళ్తారు, వెళ్తూ చెప్తారు, ఇదిగో ఈ ఫోటో మా మరిది పెట్టాడు, ఈ నంబర్‌కి చేస్తే ఎత్తలేదు, ఈ వీడియో మాది కాదు వేరే ఊరిదంట తర్వాత తెలిసింది, అని. దీన్ని స్క్రోల్ బ్యాక్ పద్ధతి అంటారు, పేరున్న పద్ధతే, మెథడాలజీలో ధైర్యంగా రాయండి. ఫోన్ మాత్రం వాళ్ల చేతిలోనే ఉండాలి, మీరు తీసుకోవద్దు, అడక్కుండా ఫోటో తీయొద్దు.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. ఫోన్ ఇంట్లో ఒక్కటే ఉంటే అది ఎవరి చేతిలో ఉందో, లైవ్‌లో మాట్లాడింది ఎవరో, బిందెలు మోసింది ఎవరో, ఇవి కామెంట్లలో రావు.

ఆన్‌లైన్ గోల ఆఫీసు కాగితం దాకా వెళ్లిందా అనేది కూడా చూడాలి. కలెక్టరేట్‌లో అర్జీ పెట్టారా, సమాచార హక్కు కింద అడిగారా, చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్‌కి ఎవరైనా వెళ్లారా? మీరు కూడా ఆర్టీఐ వేయొచ్చు, 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కాబట్టి మొదటి నెలలోనే వేసేయండి. ఫ్యాక్టరీలూ క్వారీల కేసు అయితే పరివేష్ పోర్టల్‌లో పర్యావరణ అనుమతుల కాగితాలు ఉంటాయి, పొల్యూషన్ బోర్డు ఆఫీసు ఎలాగూ బెజవాడలోనే ఉంది.

స్టెప్ 8: పేర్లు, పర్మిషన్లు, భయాలు

ఇది ఫార్మాలిటీ అనుకోకండి. 2020లో ఈఐఏ (ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావం అంచనా వేసే రూల్స్) డ్రాఫ్ట్ మీద జనం చేత మెయిల్స్ పెట్టించిన యువజన సంఘాల వెబ్‌సైట్లు కొన్నాళ్లు బ్లాక్ అయ్యాయి. 2021 ఫిబ్రవరిలో పర్యావరణ కార్యకర్త దిశ రవిని ఢిల్లీ పోలీసులు బెంగళూరు వచ్చి అరెస్ట్ చేసింది రైతు ఉద్యమం మీద తయారైన ఒక గూగుల్ డాక్యుమెంట్ విషయంలో, తర్వాత కోర్టు బెయిల్ ఇచ్చింది. కంచ గచ్చిబౌలి టైంలో ఏఐ ఫోటోలు షేర్ చేశారని కేసులు పెట్టారు. కాబట్టి మీ ఎక్సెల్ షీట్‌లో ఉన్న పేరు రేపు ఎవరికైనా ఇబ్బంది అవ్వొచ్చు.

పబ్లిక్‌గా పెట్టిన కామెంటే కదా అంటారు. చట్టం ప్రకారం చూస్తే 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం మనిషి తనంతట తాను బయటపెట్టిన సమాచారానికి వర్తించదు, పరిశోధనకి కూడా షరతులతో మినహాయింపు ఉంది. అయినా కామెంట్‌ని ఉన్నదున్నట్టు థీసిస్‌లో దింపితే గూగుల్‌లో కొట్టగానే మనిషి దొరికిపోతాడు, అందుకని కొంచెం మార్చి రాయండి, మార్చామని చెప్పండి. అకౌంట్ పేర్లు మొదటి రోజే తీసేసి నంబర్లు ఇచ్చుకోండి. వాట్సాప్ గ్రూపులో మీరు ఆల్రెడీ మెంబరే అయినా సరే, అడ్మిన్‌ని అడిగి, గ్రూపులో మెసేజ్ పెట్టి, వద్దన్నవాళ్ల మాటలు వదిలేయాలి. వరదలో చనిపోయినవాళ్ల ఫోటోలు మీ దగ్గరికొస్తే సేవ్ చేయకండి, అంతే.

స్టెప్ 9: రాయడం, టైప్ చేయించడం

కొటేషన్లు తెలుగులోనే పెట్టి కింద ఇంగ్లీషు ఇవ్వండి, ఇంగ్లీషు ఒక్కటే ఇస్తే వెటకారం చచ్చిపోతుంది. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో డీటీపీ చేయిస్తుంటే యూనికోడ్‌లో చేయమని ముందే చెప్పండి, అలవాటుకొద్దీ పాత డీటీపీ ఫాంట్లయిన అను ఫాంట్స్‌లో కొట్టేస్తే ఇంకో కంప్యూటర్లో తెరవగానే పిచ్చి గీతలు వస్తాయి, ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌కి కూడా అర్థం కాదు. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం సిమిలారిటీ 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు.

"యూట్యూబ్ కామెంట్లలో" అని రాయాల్సిన చోట "ప్రజలు" అని రాయకండి. కామెంట్ పెట్టినవాళ్లు కామెంట్ పెట్టినవాళ్లే, సింగ్ నగర్ కాదు.

పేపర్ పబ్లిష్ చేయిస్తాం, రెండు వేలు కట్టండి అని మెయిల్స్ వస్తాయి, డిలీట్ చేయండి. 2025లో యూజీసీ తాను ఒప్పుకున్న జర్నల్స్ జాబితా అయిన కేర్ లిస్ట్‌ని ఎత్తేసింది కాబట్టి "మాది కేర్ జర్నల్" అన్న మాటకి ఇప్పుడు విలువ లేదు, జర్నల్ పాత సంచికలు తీసి చదివి మీరే తేల్చుకోండి.

వైవాకి ఏ రూల్‌తో ఏ టిక్ పెట్టారో రాసుకున్న కోడ్‌బుక్ ప్రింట్, స్పెల్లింగుల లిస్టు, పేర్లు తీసేసిన షీట్ పట్టుకెళ్లండి. ఎక్స్‌టర్నల్ ఎలాగూ "ఇదంతా వరద గురించి కదమ్మా, ఇందులో పర్యావరణ ఉద్యమం ఎక్కడుంది" అని అడుగుతారు. అప్పుడు థియరీ చాప్టర్ తిప్పకండి, ఆ షీట్ తీసి డిమాండ్ కాలమ్‌లో మొదటి టిక్ ఏ తేదీన పడిందో చూపించి, ఆ కామెంట్ చదివి వినిపించండి.